బాపును నేను ఫిట్ చేసిన వైనం

మందూ మాకూ లేకుండా, సూదీ సెలైనూ లేకుండా, ఒక ఆదివారం మధ్యాహ్నం మంచం మీద కూర్చుని ఎర్రపెన్నుతో మా బాపు రోగాలన్నీ మాయం చేశాను నేను. నడుము దగ్గర మొదలుపెట్టి ఊపిరితిత్తుల దాకా ఒక్కటి మిగల్చలేదు. ఇంత ఘనకార్యం చేసిన కొడుకును ఏ ఇంట్లోనైనా నెత్తిన పెట్టుకుంటారు. మా ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచి నన్ను ఏ కాగితమూ ముట్టనివ్వరు. కరెంటు బిల్లు వచ్చినా నన్ను కన్న మా అవ్వ దూరం నుంచే చూపించి మళ్లీ కొంగులో దాచుకుంటుంది. ఎందుకో చెబుతాను. మీకు నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి. నాకు నవ్వు రావడానికి చాలా ఏళ్లు పట్టింది, ఇప్పటికీ సగమే వస్తుంది.

మాది శ్రీరాంపూర్ దిక్కు బొగ్గుబావుల కాలనీ. మా బాపు పేరు ఓదెలు. నేను పుట్టకముందు నుంచే బావిలోకి దిగుతున్నాడు. నేను డిగ్రీకి వచ్చేసరికి ఆయన వంగితే లేవడం కష్టం, లేస్తే నడవడం కష్టం, తెల్లవారితే దగ్గు. మా కాలనీలో ఒక పద్ధతి ఉంది, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బావిలో పనిచేసే మనిషి ఒళ్లు ఇక పనికి రాదని కంపెనీ మెడికల్ బోర్డు తేలిస్తే, ఆయనను ‘అన్‌ఫిట్’ చేస్తారు. ఆయన ఇంటికి వచ్చి కూర్చుంటాడు, ఆయన కొడుక్కు నౌకరి వస్తుంది. అందరూ ఇంట్లోవాళ్ల ఆరోగ్యం బాగుండాలని మొక్కుతారు. మా దగ్గర ఆడవాళ్లు వేములవాడ గుడికి పోయి, ‘రాజన్నా, మా ఆయన అన్‌ఫిట్ అయితే నీకు కోడెను కడత’ అని మొక్కుతారు. మా అవ్వ కూడా మొక్కింది. బాపు ఇక బావి మెట్లు దిగకూడదు, నేను ఇక ఖాళీగా తిరగకూడదు. మా ఇంటి ఆశ మొత్తం అదే.

అది ఎప్పుడు అవుతుందో తెలియదు కాబట్టి, ఈలోగా ఊరికే ఉండకుండా నేను కరీంనగర్‌లో మెడికల్ కోడింగ్ కోర్సులో చేరాను. బస్టాండుకు కాస్త దూరంలో, ఒక సెల్‌ఫోన్ల దుకాణం మీద ఉన్న అంతస్తులో మా ఇన్‌స్టిట్యూట్. కోడింగ్ అంటే ఏమిటని మీరు అడగకముందే చెబుతాను, ఎందుకంటే మా అవ్వ చాలాసార్లు అడిగింది.

“అమెరికల ఒకాయన దవాఖానకు పోతడు అవ్వా. డాక్టర్ కాగితం రాస్తడు. ఆ కాగితం మా దగ్గరికి వస్తది. అండ్ల ఉన్న ఒక్కొక్క రోగానికి మేము ఒక్కొక్క నంబర్ వేస్తం. గా నంబర్ చూసి ఇన్సూరెన్సోళ్లు పైసలిస్తరు.”

“అన్ని రోగాలకు నంబర్లు ఉంటయా?”

“అన్నిటికి. బాతు తన్నినా నంబర్ ఉన్నది. తన్నినంక మొదటిసారి చూపించుకుంటే ఒకటి, మల్ల చూపించుకుంటే ఇంకొకటి.”

అవ్వ ముక్కు మీద వేలేసుకుంది. “గంత పెద్ద దేశంల మనుషుల్ని బాతులు తంతున్నయా? ఎట్ల మోపైనయిరా బాతులు!” అని అమెరికావాళ్ల మీద జాలిపడింది. కాలనీలో మాత్రం ‘మావోడు డాక్టర్ల కాగితాలు దిద్దే కోర్సు చేస్తుండు’ అని చాటింది. నేను సెలవుకు ఇంటికి వస్తే చాలు, వీధిలో ఆడవాళ్లు నాలుక బయటపెట్టి, ‘జర చూడు బిడ్డా’ అని నిలబడేవాళ్లు. నాకు నాలుకకు నంబరు వేయడం తప్ప ఏమీ రాదు. అయినా తల పంకించి, ‘నీళ్లు మంచిగ తాగు’ అనేవాణ్ని. నా పతనం అక్కడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది.

మాకు పాఠం చెప్పేది వినీల మేడం. ఎన్నో ఏళ్లు కోడింగ్ కంపెనీల్లో పనిచేసి వచ్చిన మనిషి. గొంతు పెంచదు, నవ్వదు, మన కాగితం మీద ఎర్రపెన్నుతో అడ్డంగా ఒక గీత గీసి చూస్తుంది. ఆ చూపుకు నాకు ఆకలి చచ్చేది. మొదటి పరీక్షలో ఒక రోగి కాగితం ఇచ్చింది. దగ్గు, జ్వరం, దాని కింద ప్రశ్నార్థకం పెట్టి న్యుమోనియా అని ఉంది. నేను ఉత్సాహంగా న్యుమోనియాకు నంబరు వేశాను.

“శ్రీకాంత్, ఈయనకు న్యుమోనియా ఉన్నదని నీకెవరు చెప్పిండ్రు?”

“డాక్టరే రాసిండు మేడం.”

“న్యుమోనియా ముందల ఏం పెట్టిండు?”

“క్వశ్చన్ మార్క్ మేడం.”

“అంటే?”

“అంటే... ఆయనకు డౌట్ ఉన్నది మేడం.”

“డాక్టర్‌కే డౌట్ ఉంటే నీకు ఎట్ల కన్ఫర్మ్ అయింది? ఆయన కన్నా పెద్ద డాక్టర్‌వా నువ్వు?”

క్లాసంతా నవ్వింది. ఇచ్చోడ నుంచి వచ్చిన నా రూమ్మేట్ అయితే బెంచీ మీద తల పెట్టి మరీ నవ్వాడు. మేడం మాత్రం నవ్వకుండా చెప్పింది: “వచ్చి చూపించుకొని పోయే పేషెంట్‌కు డాక్టర్ అనుమానం అని రాసిన రోగం మనకు లేనట్టే. దగ్గుంటే దగ్గు వెయ్యి, జ్వరముంటే జ్వరం వెయ్యి. అనుమానాలకు నంబర్ వెయ్యొద్దు. గుర్తు పెట్టుకో.”

గుర్తు పెట్టుకున్నానా? పచ్చబొట్టు పొడిపించుకున్నట్టు పెట్టుకున్నాను. సిగ్గుతో ఆ రాత్రి అన్నం తినలేదు. మరునాటి నుంచి నాకు ప్రశ్నార్థకం కనిపిస్తే చాలు, చేయి దానంతటదే ఎర్రపెన్ను కోసం వెళ్లేది. రూమ్మేట్ దుప్పటి కప్పుకుని, “నాకు జ్వరమొచ్చినట్టున్నది రా” అంటే, “వచ్చినట్టున్నది అంటే లెక్కకు రాదు” అని పక్కకు తిరిగి పడుకునేవాణ్ని. వాడు వణుకుతూ నన్ను తిట్టిన తిట్లు మరాఠీలో ఉండేవి, అందుకే ఇక్కడ రాయలేకపోతున్నాను.

ఇట్లా నేను సగం కోర్సుకే పూర్తి జ్ఞానినై ఉన్న రోజుల్లో అవ్వ ఫోన్ చేసింది. గొంతులో ఆనందం ఆగడం లేదు.

“బిడ్డా, మీ బాపును బోర్డుకు పిలిచిండ్రు!”

నేను ఆ సాయంత్రమే బస్సెక్కాను. బాపు పరిస్థితి అప్పటికి మరీ బాగాలేదు. కొన్నాళ్ల కిందట వారం రోజులు దవాఖానలో పడుకుని వచ్చాడు. అప్పటి నుంచి బోర్డు తేల్చేదాకా అని బావిలోకి దింపకుండా పైన తేలిక పని ఇచ్చారు. ఆయన రోగాల చరిత్ర అంతా ఒక బట్టల దుకాణం సంచిలో మేకుకు వేలాడుతూ ఉండేది. చీటీలు, ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, దవాఖానలో ఉన్నప్పటి కాగితాలు, అన్నీ కలిపి బియ్యం పోసినట్టు కుక్కి ఉండేవి.

నేను వెళ్లేసరికి పక్క క్వార్టర్ మల్లేశం కాక మా ఇంట్లో కొలువు తీరి ఉన్నాడు. ఆయన అన్‌ఫిట్ అయ్యి, ఆయన కొడుకు నౌకరిలో చేరాడు కాబట్టి కాలనీలో ఈ విషయానికి ఆయనే పెద్దమనిషి.

“ఓదెలన్నా, బోర్డు ముందురోజు రాత్రి నిద్రపోకు. కండ్లు ఎర్రగుండాలె. గడ్డం గీకకు. లోపలికి కుంటుకుంట పో. కానీ ఏ కాలు కుంటాల్నో ఇంటికాన్నే ఫిక్స్ జేస్కో, మధ్యల మార్చకు.”

“నాకు రెండు కాళ్లు నొస్తయి మల్లేశా,” అన్నాడు బాపు.

“గట్లయితే నమ్మరే! ఒక్కటే సాలు. ఇగ గా సంచి ఉన్నది సూడు, దాన్ని గట్లనే ఎత్తుకపోయి డాక్టర్ల ముందల బోర్లించు. వాళ్లే ఏరుకుంటరు.”

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. నా ముఖం మీద ఎవరైనా అప్పుడు చెంబెడు నీళ్లు కొట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

“కాకా, గది పాతకాలం పద్ధతి. డాక్టర్లకు టైం ఉండదు. రికార్డ్ నీట్‌గ ఉండాలె. నేను జేస్త.”

“నువ్వా?”

“నేను చేసే కోర్సే అది కాకా.”

కాక బాపు వైపు చూశాడు. బాపు నా వైపు చూశాడు. ఆ కళ్లలో ఒక్క ప్రశ్నార్థకం కూడా లేదు. “మావోడు సదువుకున్నడు గదా, వాన్నే జెయ్యనీ,” అన్నాడు బాపు.

ఆదివారం మధ్యాహ్నం సంచిని మంచం మీద గుమ్మరించాను. ఎర్రపెన్ను చెవి మీద పెట్టుకున్నాను. బాపు మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ అందిస్తున్నాడు. మొదటి చీటీ చూశాను. ప్రశ్నార్థకం, పక్కన డిస్క్. రెండోది చూశాను. ప్రశ్నార్థకం, పక్కన ఆస్తమా. మూడోది, ప్రశ్నార్థకం, టీబీ. సంచి నిండా ప్రశ్నార్థకాలే. కారణం కూడా చెప్పాలి. ప్రతిసారీ డాక్టరు అనుమానం రాసి, ఫలానా పరీక్ష చేయించుకుని రమ్మనేవాడు. బాపు రెండు గోలీలు వేసుకుని కాస్త తేలికపడగానే షిఫ్టుకు వెళ్లిపోయేవాడు. పరీక్షలు చేయించుకుంటే ఆ రోజు మస్టర్ పడక జీతం పోతుందని భయం. అందుకే ఆయన రోగాలన్నీ అనుమానం దగ్గరే ఆగిపోయాయి.

నేను డిస్క్ కాగితం మీద గీత గీసి పక్కన పడేశాను.

“అది నడుము కాగితంరా. డిస్కు జారిందన్నరు,” అన్నాడు బాపు.

“అన్నరు గానీ తేల్చలే బాపూ. డాక్టర్‌కు అనుమానమే ఉన్నది.”

“నాకైతే అనుమానం లేదు. వంగితే లేస్తలేను.”

“నువ్వు డాక్టర్‌వు కాదు గదా.”

బాపు తల ఊపి, “అదీ నిజమే,” అని తర్వాతి కాగితం అందించాడు.

ఆస్తమా పోయింది. టీబీ పోయింది. ఎక్స్‌రే కాగితంలో ‘దుమ్ము వల్ల కావచ్చు’ అన్న అర్థం వచ్చే మాట ఉంది. కావచ్చు అన్న మాట చూడగానే వినీల మేడం నా భుజం మీద నుంచి వంగి చూస్తున్నట్టు అనిపించింది. అదీ పోయింది. వారం రోజులు దవాఖానలో ఉన్నప్పటి కాగితం వచ్చింది. అది అన్నిటికన్నా లావుగా ఉంది, చివర పెద్ద డాక్టరు సంతకం ఉంది. అక్కడ కూడా ఊపిరితిత్తుల జబ్బు ముందు ‘బహుశా’ అని ఉంది. దాని మీద గీసిన గీత అన్నిటికన్నా పొడుగుది.

“దగ్గన్న ఉంచినవా?” అని అడిగాడు బాపు భయంగా.

“దగ్గు ఉంచిన. దగ్గు పక్కా.”

బాపు ఊపిరి పీల్చుకున్నాడు, పీల్చుకోగానే దగ్గాడు.

చివరికి మిగిలినవి దగ్గు, నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి. ఇంకొక ఎక్స్‌రేలో ‘మోకాళ్లలో వయసుకు తగిన అరుగుదల’ అని ఏ అనుమానమూ లేకుండా రాసి ఉంది కాబట్టి దాన్ని గౌరవంగా ఉంచాను. జిరాక్స్ సెంటర్‌కు వెళ్లి అన్నీ టైప్ చేయించి, స్పైరల్ వేయించి, పైన గాజులాంటి ప్లాస్టిక్ అట్ట, లోపల బాపు ఫోటో పెట్టించాను. తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. అవ్వ దాన్ని పైకీ కిందికీ ఊపి చూసింది.

“సంచి నిండ ఉండె గదరా. గింతేనా మీ బాపు రోగం?”

“పక్కాగ ఉన్నదే ఉంచిన అవ్వా. అనుమానాలతోని పోతే డాక్టర్లకు కోపమొస్తది.”

“మరి గీ కాగితాలన్నీ?”

“అవి ఇంట్లనే ఉండనీ. అవసరం లేదు.”

అంతటితో ఆగానా? లేదు. బాపుకు ట్రైనింగ్ కూడా ఇచ్చాను. “వాళ్లు అడిగింది చెప్పు. ఏ రోగం ఉన్నదని అడిగితే నీకు అనిపించింది చెప్పకు. డాక్టర్ తేల్చింది ఒక్కటే చెప్పు. మిగతావి కన్ఫర్మ్ కాలేదను.” బాపు ఆ మాటను పళ్లు తోముకుంటూ, చాయ తాగుతూ పలికి పలికి నేర్చుకున్నాడు. మల్లేశం కాక గోడ అవతల నుంచి విని, “ఓదెలన్నా, కుంటుడన్న మర్శిపోకు!” అని అరిచాడు.

బోర్డు రోజు నన్ను కూడా తోడుగా లోపలికి రానిచ్చారు. బల్ల వెనక డాక్టర్లు కూర్చున్నారు. మాకన్నా ముందు వెళ్లినవాళ్లు మోసుకొచ్చిన కట్టలతో వాళ్ల బల్ల కిరాణా కొట్టులా ఉంది. నడుమ కూర్చున్న పెద్దాయన మా ఫైలు అందుకుని పేజీ తిప్పాడు. ముఖం విప్పారింది.

“ఇంత నీట్‌గా ఎవరు చేసిండ్రయ్యా ఇది?”

“నా కొడుకు సార్,” అన్నాడు బాపు. “మెడికల్ కోర్సు చేస్తుండు.”

ఆ మాట అంటూ బాపు నిటారుగా నిలబడ్డాడు. నమ్మండి, ఆ నడుము అంత నిటారుగా నిలబడడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. సిపాయిలా నిలబడ్డాడు. కుంటడం సంగతి ఇద్దరమూ మరిచిపోయాం.

“ఊపిరితిత్తుల జబ్బేమన్నా ఉన్నదని ఎప్పుడన్నా చెప్పిండ్రా?”

“అనుమానమే సార్. కన్ఫర్మ్ కాలే.”

“నడుముల డిస్క్ సమస్య?”

“అదీ కన్ఫర్మ్ కాలే సార్.”

పెద్దాయన నా వైపు తిరిగాడు. ఆ క్షణం ఇప్పటికీ నన్ను వదలదు. ఆయన నిజంగా అడిగాడు, మర్యాదగా అడిగాడు. “పాత కాగితాలు ఇంకేమన్నా ఉన్నయా బాబూ? దవాఖానల అడ్మిట్ అయినయి, గట్లాంటివి? ఉంటే తీసుకరా, చూస్తం.”

ఉన్నాయి సార్, సంచెడు ఉన్నాయి, ఇప్పుడే ఉరికి తెస్తాను అనాల్సిన నోరు నాది. ఆ నోరే ఏమన్నదో వినండి. “ఉన్నయి గానీ పనికొచ్చేటివి కావు సార్. అన్నీ అనుమానాలే. పక్కా ఉన్నవన్నీ ఫైల్ల పెట్టిన సార్.”

“మంచిది,” అన్నాడాయన. బాపును కూర్చుని లేవమన్నారు. కోడింగ్ చదివే కొడుకు ముందు పడిపోతే ఏం బాగుంటుందని పళ్లు బిగబట్టి, చేయి ఆనించకుండా లేచాడట. ఆ సంగతి చాలా రోజుల తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం నేను, ‘భలే లేచాడే’ అని మురిసిపోయాను.

ఫలితం కొన్నాళ్లకు వచ్చింది. నేను ఇంట్లోనే ఉన్నాను, మిఠాయికి ఏ దుకాణం మంచిదా అని అవ్వతో వాదిస్తున్నాను. బాపు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“ఏమన్నరు?” అంది అవ్వ.

“ఫిట్ అన్నరు.”

“ఏంది?”

“ఫిట్. మంచిగున్నవు పో అన్నరు. ఇంకోటి గూడ ఉన్నది.” బాపు టవల్ తీసి ముఖం తుడుచుకున్నాడు. “ఫిట్ ఉన్నోనికి తేలిక పని ఎందుకని తీసేసిండ్రు. రేపటిసంది మల్ల బాయిలకే.”

అవ్వ గోడకు చేరగిలబడి మెల్లగా కిందికి జారి కూర్చుంది. నౌకరి రాకపోతే పోయింది, ఉన్న నీడ పని కూడా నా పెన్నుకే పోయింది. మల్లేశం కాక వచ్చి గుమ్మంలో నిలబడి, నన్ను ఎగాదిగా చూసి, ఏదో అనబోయి, ఏమీ అనకుండానే వెళ్లిపోయాడు. ఆయన మాట్లాడకుండా వెళ్లడం ఆ కాలనీలో అదే మొదలు. ఆ వారం నేను వీధిలో నడుస్తుంటే జనం ఫైళ్లు చీర మడతల కింద దాచుకున్నారు. నాలుక చూపించే ఆడవాళ్లు నన్ను చూసి నోరు గట్టిగా మూసుకున్నారు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? అసలు దెబ్బ కరీంనగర్‌లో ఉంది.

తర్వాతి సోమవారం నాడు వినీల మేడం కొత్త పాఠం మొదలుపెట్టింది. “ఇంతవరకు చెప్పినవి వచ్చి చూపించుకొని పోయే పేషెంట్లకు. ఇప్పుడు దవాఖానల అడ్మిట్ అయిన పేషెంట్లు. ఇక్కడ రూల్ ఉల్టా. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు డాక్టర్ ‘బహుశా’ అని రాసినా, ‘అనుమానం’ అని రాసినా, ఆ రోగం ఉన్నట్టే లెక్క. నంబర్ వెయ్యాల్సిందే.”

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. కాళ్లు వాటంతటవే లేచాయి.

“ఏమైంది శ్రీకాంత్?”

“మా బాపు వారం రోజులు అడ్మిట్ అయిండు మేడం.”

“అయితే?”

“డిశ్చార్జ్ కాగితం మీద ‘బహుశా’ అని ఉండె మేడం. నేను కొట్టేసిన.”

“ఎందుకు కొట్టేసినవ్?”

జరిగినదంతా చెప్పాను. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఇచ్చోడవాడు కూడా నవ్వలేదు. మేడం పెన్ను బల్ల మీద పెట్టి, మొదటిసారి మెత్తగా మాట్లాడింది.

“శ్రీకాంత్, ఇవి అమెరికా ఇన్సూరెన్స్ బిల్లుల రూల్స్. మీ బాపుకు పెట్టుమని నీకెవరు చెప్పిండ్రు?”

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి, ఇంటికి పోయి, సంచి భుజాన వేసుకుని దవాఖానకు ఉరికాను. కౌంటర్‌లో ఉన్నాయన సంచి చూశాడు, నన్ను చూశాడు. “బోర్డు అయిపోయింది తమ్మీ. మల్ల పిలుపొస్తే తీసుకరా,” అన్నాడు. ఆయన మాటల్లో ఏ తప్పూ లేదు. తీసుకురమ్మని అడిగిన రోజున తేనిది నేనే కదా. సంచిని ఒళ్లో పెట్టుకుని ఆవరణలో బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. ఆ రోజు ఏడ్చినట్టు నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

మరునాడు తెల్లవారి మొదటి షిఫ్టు. బాపు మోకాళ్లకు గుడ్డ చుట్టుకుంటుంటే చూడలేక ఆయన టిఫిన్ డబ్బా తీసుకుని వెంట నడిచాను. బావి దారి వచ్చింది. అక్కడ డబ్బా అందుకుంటూ నా ముఖంలోకి చూశాడు.

“ఏడుస్తున్నవారా?”

“లేదు బాపూ.”

“కన్ఫర్మేనా?”

అని నవ్వాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ని. అట్లా నవ్వేసరికి నాకు ఇంకా ఏడుపొచ్చింది. “ఫికర్ జెయ్యకు బిడ్డా. సదువు పూర్తి జెయ్యి,” అని వెళ్లిపోయాడు. వెనక నుంచి చూస్తే తెలిసింది, మల్లేశం కాక చెప్పినట్టు ఒక్క కాలు కాదు, ఆయన రెండు కాళ్లూ కుంటుతున్నాడు.

ఇంటికి వచ్చి అవ్వతో చెప్పాను, కరీంనగర్ తిరిగి వెళ్తున్నానని, కోర్సు ఇంకా కొంత మిగిలి ఉందని. అవ్వ అన్నం కలుపుతున్న చేయి ఆపింది.

“ఇంకా ఉన్నదా సదువు? ఇగ సాలు ఆపు కొడుకా. సగం సదువుకే మీ బాపును పడుసు పోరన్ని జేసినవ్. మొత్తం సదివితే ఆయన్ను అంగన్‌వాడికి తోలాల్సొస్తది.”

నేను చదువు ఆపలేదు. పూర్తిచేసి, కోడర్‌గా ఉద్యోగం తెచ్చుకున్నాను. నా పనిలో తప్పు పట్టేవాళ్లు లేరని పెద్ద పేరు. బాపుకు మాత్రం బోర్డు నుంచి మళ్లీ పిలుపు రాలేదు. సర్వీసు అయిపోయేదాకా దిగుతూనే ఉన్నాడు, ఎక్కుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. దగ్గు కూడా ఆయనతోపాటే రిటైరై ఇంటికి వచ్చింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, వేములవాడ రాజన్న సాక్షిగా, వినీల మేడం ఎర్రపెన్ను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అమెరికాలో ఎంతమందిని బాతులు తన్నినా నంబర్లు వేస్తాను. ఆఫీసులో ప్రశ్నార్థకం కనిపిస్తే రూలు ప్రకారమే నడుచుకుంటాను. కానీ ఆఫీసు మెట్లు దిగిన తర్వాత, నా బతుకులో ఇంకెప్పుడూ, ఒక మనిషి అరుగు మీద కూలబడి మోకాలు పట్టుకుని ‘అవ్వా’ అంటే, ఏ డాక్టరు రాశాడని అడగను. నొస్తుందంటే నొస్తున్నట్టే అనుకుని, లోపలికి పోయి నూనె వేడిచేసి తెస్తాను.